చంద్రుడి మీద మూడో పిన్ను

మొదటి రోజు, రేవూరు. బ్యాటరీ 41 శాతం.

దిగాను! యాభై ఒక్క ఏళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, పార్వతీపురం ఆస్పత్రి గుర్తింపు కార్డు మెడలో వేసుకుని చంద్రుడి మీద దిగాను. ఓడ మెట్ల మీద అలవాటు కొద్దీ బరువుగా అడుగేస్తే మూడు మెట్ల అవతల తేలాను. వెనకనున్న పెద్దాయన "మెల్లిగా తల్లీ, మెల్లిగా" అన్నాడు. అసలు నాకు మోకాళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. గట్టిగా నవ్వేశాను. అందరూ తిరిగి చూశారు. చూడనీ!

ఇదంతా కాగితం మీద పెన్సిలుతో రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో రాస్తే ఛార్జింగ్ దండగ. ఈ వారం నాకు ప్రతి శాతమూ ముఖ్యమే.

నా పని చెవి లోపల అమర్చిన వినికిడి యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసి, ఏ శబ్దం ఎంత వినిపించాలో ఆ మనిషికి తగ్గట్టు సర్దడం. రేవూరు నుంచి రైల్లో ఒక రోజు దూరంలో అద్దరి అనే ఊరుంది. అక్కడ సన్యాసమ్మ అనే ఆవిడ ఉంది. ఆవిడ ఉద్యోగం రైలు పట్టాలు వినడం. ఇక్కడ గాలి లేదు కాబట్టి బయట చప్పుడన్నదే ఉండదు. కానీ ఉక్కులో చప్పుడు పరుగెడుతుంది. పట్టాకు ఆనిన కడ్డీ మీద తల ఆనించి, పగులు ఎక్కడుందో ఆవిడ చెప్పేసేదట. కిందటేడు గొట్టం పగిలి గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు రెండు చెవులూ పోయాయి. మూడు నెలల కిందట ఆపరేషన్ చేసి చెవిలో యంత్రం పెట్టారు. దాన్ని ఆన్ చేయాల్సిన ల్యాప్‌టాప్ అద్దరిలో కాలిపోయింది.

చెవిలో పెట్టింది పాత రకం యంత్రం. దాంతో మాట్లాడగల ల్యాప్‌టాప్‌లు ప్రపంచంలో రెండే మిగిలాయి. ఆ ప్రోగ్రామ్‌ను ఇంకో దాంట్లోకి ఎక్కించకుండా తాళం వేసిన కంపెనీ మూతపడి పదేళ్లయింది. ఒకటి కాలిపోగా మిగిలిన రెండోది నా ఒళ్లో ఉంది.

ఎనిమిదో రోజున సన్యాసమ్మకు పరీక్ష. అది తప్పితే వినేవాళ్ల జాబితాలోంచి పేరు తీసేసి రేవూరు గిడ్డంగికి పంపేస్తారు. ఆవిడ భర్త వంటవాడు, అద్దరిలోనే ఉండిపోతాడు.

బయలుదేరినప్పుడు బ్యాటరీ 96. తనిఖీ వాళ్లు నా విడి బ్యాటరీని నిప్పు భయంతో ఉంచేసుకున్నారు, ఇక్కడి రూలట. ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించమని నాలుగు గంటలు వరసలో నిలబెట్టారు. అయినా నా సంచీలో అయిదు దేశాల అడాప్టర్లున్నాయి. నాకేం భయం?

రెండో రోజు, రేవూరు. బ్యాటరీ 78.

పొద్దున్నే గదిలో ప్లగ్గు వెతికాను. మూడు ఏటవాలు చీలికలు. నా రెండో అడాప్టర్ చక్కగా పట్టింది! పట్టగానే స్విచ్ వేయలేదు. ముందు ఛార్జర్ వీపు మీది చీమ తలకాయంత అక్షరాలు చదివాను. వందనుంచి రెండువందల నలభై వోల్టులు. గోడ మీది పలక మీద రెండువందల ముప్పై. సరిపోయింది. అడాప్టర్ చేసేది పిన్నుల ఆకారం మార్చడం ఒక్కటే. వోల్టులను అది తాకను కూడా తాకదు. ఆ సంగతి తెలియక మా అన్నయ్య ఒకసారి సింగపూర్‌లో హెయిర్ డ్రయ్యర్‌తో పాటు హోటల్ కర్టెన్ కూడా కాల్చాడు.

ప్లగ్గు చీలికల్లో బూడిద రంగు ధూళి. ఇక్కడి ధూళి గాజుపొడిలా గరుకుగా ఉంటుంది, అన్నింటినీ పట్టుకుని వదలదు. పళ్లు తోముకునే బ్రష్ పొడిగా ఉందో లేదో చూసి, దాంతో శుభ్రం చేశాక పెట్టాను. తెర మూలన చిన్న మెరుపు బొమ్మ వెలిగింది. పిల్లాడు పాలు తాగుతుంటే చూసిన తల్లిలా ముందు కూర్చున్నాను.

డెబ్బై ఎనిమిది దగ్గర కరెంటు ఆపేశారు. నీళ్ల పంపులు నడిచే వేళ అతిథి గదులకు ఇవ్వరట. ఫరవాలేదు. మధ్యాహ్నం రైలు!

మూడో రోజు, రైలు. బ్యాటరీ 77.

కిటికీలోంచి నల్లటి ఆకాశం, తెల్లటి నేల, ఆ నల్లదనం మధ్యలో నీలి గోళీలా మన భూమి. ఎంత చూసినా తనివి తీరడం లేదు.

నా సీటు కింద ప్లగ్గు. మూడు గుండ్రటి రంధ్రాలు, అచ్చంగా మన ఇంట్లో ఉన్నట్టే! అడాప్టరే అక్కర్లేదు. గబగబా ఛార్జర్ తీసి పెట్టబోయాను.

"ఆగండి!" అని రైలు పరిచారిక పెట్టె ఆ చివరనుంచి ఒక్క గెంతులో వచ్చింది. "పలక చూడలేదా?"

వంగి చూశాను. నాలుగువందల ఎనభై వోల్టులు. శుభ్రం చేసే యంత్రాల కోసమట.

"ప్లగ్గు మీదేనమ్మా, కరెంటే మీది కాదు," అంది ఆ అమ్మాయి.

ఛార్జర్ మళ్లీ సంచీలో పెట్టేశాను. నిన్ననే అంత జాగ్రత్తగా చదివినదాన్ని, మనింటి ప్లగ్గులా కనబడేసరికి చదవడం మరిచిపోయాను. ఇవాళ్టి నుంచి ఎంత తెలిసిన ముఖంలా కనిపించినా సరే, పలక చదవందే పిన్ను పెట్టను.

నాలుగో రోజు, అద్దరి. బ్యాటరీ 74.

సన్యాసమ్మను చూశాను! నలభై ఏడేళ్లు, పొట్టి మనిషి, చెవి వెనక ఆపరేషన్ గీత. మెడలో పలక, బలపం. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "ఈవిడేనేటి? ఇంత సన్నగుందేటయ్యా! ముందర తిండి ఎట్టు," అంది భర్తతో. వినపడకపోయినా మాట మాత్రం గలగలమంటోంది.

భర్త పైడయ్య పొడుగు మనిషి, నెమ్మది. నా సంచీ తీసుకున్నాడు కానీ, ల్యాప్‌టాప్ ఉన్న చిన్న సంచీని మాత్రం ముట్టుకోలేదు. "అది మీరే తెచ్చుకోండమ్మా" అన్నాడు.

వాళ్ల క్వార్టర్‌లో గోడకు రెండే రంధ్రాలు. నా నాలుగో అడాప్టర్ పట్టింది. వోల్టులు చూపే టెస్టర్ నా సంచీలో ఉంది, దాంతో చూస్తే రెండువందల ఇరవై ఎనిమిది. బాగానే ఉంది కదా అని ఛార్జర్ పెట్టబోతే పైడయ్య "ఒద్దమ్మా! ఒద్దు!" అని అరిచాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైందండీ?"

వంటపని ఉందని వెళ్లిపోయాడు. సరే, ఇంకాసేపు చూద్దామని టెస్టర్ అక్కడే ఉంచాను. పది నిమిషాలకు పక్కనున్న వెల్డింగ్ షెడ్డులో పని ఆపారు. అంకె రెండువందల తొంభై ఒకటికి ఎగిరింది! షెడ్డూ క్వార్టర్లూ ఒకే లైను మీద ఉన్నాయన్నమాట. అవతల ఒక్కసారిగా వాడకం ఆగితే ఇవతల ఎగుస్తుంది. మొదటి ల్యాప్‌టాప్‌ను తిన్నది ఇదే.

పైగా ఇక్కడ మూడో పిన్ను లేదు. మన ఊళ్లో ఎర్తింగ్ అంటే తీగను భూమిలోకి దింపుతాం. ఇక్కడి నేల ఎండి ఎండి గాజులా ఉంది, కరెంటును తీసుకోదు. అందుకని ఇనుప వస్తువులన్నిటినీ ఒక రాగి పట్టీకి కలుపుతారు. ఆ పట్టీకి చేర్చేదే మూడో పిన్ను. అది లేకపోతే దారి తప్పిన కరెంటు దొరికిన వాళ్ల ఒంట్లోంచి పోతుంది. నేను తీగతో కలపబోయేది ఒక మనిషి చెవిని.

డెబ్బై నాలుగుతో పని మొదలుపెట్టనా? నా ముసలి బ్యాటరీ నిండుగా ఉంటే నాలుగు గంటలు వస్తుంది. మొదటిసారి సర్దడానికే మూడు గంటలు పడుతుంది. మధ్యలో ఆగిపోతే అన్నీ మొదటికొస్తాయి. వద్దు, నిండాలి.

అయిదో రోజు, అద్దరి. బ్యాటరీ 100!

నూరు! నూరు! నూరు!

జరిగింది రాస్తాను. పొద్దున వంటశాలలో కూర్చుని నా అయిదు అడాప్టర్లూ బల్ల మీద పరిచి దిగులుగా చూస్తున్నాను. పైడయ్య ఇడ్లీలు పెట్టి పక్కనే నిలబడ్డాడు. కదలడు.

"మేడమ్ గారూ, ఒక మాట సెప్పాల," అన్నాడు చివరికి. "ఆ ల్యాప్‌టాప్పు రైల్లో పాడైపోయిందని మా ఆడదానికి రాసి సూపించినాను. అది అబద్దం. నానే కాల్సినాను."

యంత్రం ఆన్ చేసే డాక్టర్ మర్నాడు వస్తానన్నాడట. ఆలోగా నిండుగా ఉంచితే పని త్వరగా మొదలవుతుందని, ఇంట్లో ఉన్న అడాప్టర్ తగిలించి పెట్టేశాడట.

"పట్టింది గదా అనుకున్నానమ్మా. పట్టిందంటే సరిపోయినట్టే గదా అనుకున్నాను. బుస్సుమని పొగొచ్చింది. ఆ మర్నాటి నుంచి ప్లగ్గంటే దడ."

నేను కూడా నిన్నగాక మొన్న రైల్లో ఇంకొంచెంలో అదే పని చేసేదాన్నని చెప్పాను. ఆయన కాస్త ఊపిరి తీసుకున్నాడు.

"మరి ఇక్కడ పిండి గ్రైండరు ప్లగ్గంటే దడ లేదా?" అని అడిగాను.

"దీనికెందుకు? పదేళ్లయి రుబ్బుతున్నాను, ఒక్కనాడు జిల్లుమననేదు. తడి సేతుల్తో పని గదా అని మాకు ఏరే లైను ఏసినారు."

ఒక్క గెంతులో లేచి తల పైకప్పుకు కొట్టుకున్నాను. టెస్టర్ తెచ్చి గంటసేపు చూశాను. రెండువందల ముప్పై, అటూ ఇటూ ఒకటి. షెడ్డు నడిచినా ఆగినా కదల్లేదు. మూడో రంధ్రం నేరుగా రాగి పట్టీకి చేరింది. ఇంతకన్నా ఏం కావాలి!

కానీ ఆ ప్లగ్గు రంధ్రాలు వెడల్పుగా, బల్లపరుపుగా ఉన్నాయి. నా అయిదింట్లో ఒక్కటే దూరింది, అదీ రెండు పిన్నులతో. మూడో రంధ్రం ఖాళీగా ఉండిపోయింది. అటు నిండబోయే బ్యాటరీ, ఇటు తగలని పిన్ను. చాలాసేపు చూసి అడాప్టర్ బయటికి లాగేశాను.

అప్పుడు పైడయ్య నా ఛార్జర్‌ను మొదటిసారి చేత్తో పట్టుకున్నాడు. తీగ చివర, ఛార్జర్ డబ్బాలో దూరే చోట, మూడు రేకుల పువ్వులాంటి మొన ఉంటుంది. దాన్ని వేలితో తడిమి, "ఇలాటిది మా తూకం యంత్రానికుందమ్మా," అన్నాడు.

పిండి తూచే యంత్రం వెనక్కి వెళ్లి తీగ ఊడదీసి తెచ్చాడు. ఒక చివర ఇక్కడి గోడకు సరిపోయే మూడు వెడల్పు పిన్నులు. రెండో చివర అదే మూడు రేకుల మొన. తీగ మీద రాసిన అంకెలు చూశాను, నా ఛార్జర్‌కు కావలసినదానికంటే ఎక్కువే మోయగలదు. నా డబ్బాలో పెట్టాను. టక్కుమని కూర్చుంది!

అడాప్టరే అక్కర్లేదు. గోడ వైపు తీగ మారిస్తే చాలు. నాకు ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఈ ఆలోచన రాలేదు.

ఆవిరికి దూరంగా, పొడి బల్ల మీద, పైన ఏమీ కప్పకుండా పెట్టాం. పావుగంటకోసారి పైడయ్య డబ్బా మీద అరచెయ్యి ఆనించి, "గోరెచ్చగుంది, అంతే" అని చెప్పాడు. ఇడ్లీ పిండికి కూడా ఇంత కాపలా కాసి ఉండడు.

ఆరో రోజు, అద్దరి. బ్యాటరీ పొద్దున 100, ఇప్పుడు 29.

ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీదే నడుపుతూ, సన్యాసమ్మ చెవి వెనక యంత్రానికి తీగ కలిపాను. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గదిలో యంత్రం తాలూకు ఇరవై రెండు సన్నటి తంతువులు. ఒక్కొక్కటీ మేలుకొలపాలి. "చుక్కంత వినిపించినా చెయ్యెత్తండి" అని పలక మీద రాశాను. ఎనిమిదోదానికి చెయ్యి లేచింది. ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. కిందికి దించడం ఆవిడకు గుర్తు లేదు.

రెండున్నర గంటలకు అన్నీ కలిపి తెరిచాను. పైడయ్యను ఏదైనా మాట్లాడమన్నాను. ఆయన గొంతు సవరించుకుని, మళ్లీ సవరించుకుని, అన్నాడు: "ఆ ల్యాప్‌టాప్పు రైల్లో పాడవనేదే. నానే కాల్సీసినాను. నీకు బేగి ఇనబడాలని ప్లగ్గు ఎట్టీసినాను."

సన్యాసమ్మ కళ్లు గుండ్రంగా అయ్యాయి. "ఒలమ్మ! ఏదో వొచ్చింది! రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టుంది. ఏటన్నావయ్యా? మళ్లీ అను!"

పాపం, ఆయన నా వైపు చూశాడు. నేను రెండు మీటలు సర్ది తల ఊపాను. ఆయన మళ్లీ మొత్తం చెప్పాడు.

"ఇప్పుడు కప్పలు అరిసినట్టుంది. ఇంకోపాలి!"

మూడోసారి చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు. ఆవిడ తల పక్కకు వంచి విన్నది. నవ్వు ఆగిపోయింది.

"కాల్సీసినావా?"

"ఊఁ."

"నా పలక మీద నాకే అబద్దం రాసినావా? మూడు నెల్లు?"

"బయమేసిందే."

"నానేటి పులినా? నన్ను సూసి బయమేటి?"

అక్కడినుంచి మొదలు. ఆవిడ అరుస్తుంది, ఆయన జవాబిస్తాడు, ఆవిడ అది విని ఇంకా అరుస్తుంది. ఏడాది తర్వాత మొగుడూ పెళ్లాలు నోటితో పోట్లాడుకుంటున్నారు! పలక మీద పోట్లాట ఎలా కుదురుతుంది? నేను అన్నీ సేవ్ చేసుకుని, బయటికొచ్చి, నడవాలో ఒక్కదాన్నే ఎగిరి గెంతాను. అరగంటకు ఆవిడే వచ్చి, "మీకు తిండి ఎట్టమని ఆ అబద్దాల మారికి సెప్పినాను," అంది.

ఏడో రోజు, అద్దరి. బ్యాటరీ 31. తర్వాత సున్నా.

పొద్దున వంటశాల ప్లగ్గులో పెట్టి రెండు శాతం ఎక్కిందో లేదో, పరీక్ష అధికారి సెల్వి గారు వచ్చేశారు. పరీక్ష రేపు కాదు, ఇవాళే. ఆవిడ తిరుగు రైలు ముందుకు జరిగిందట. గడువు అడిగితే కుదరదన్నారు. తీగ పీకి చంకలో పెట్టుకుని పరుగెత్తాను.

పట్టాల మీద నడిచే తనిఖీ పెట్టె చిన్న గదంత ఉంటుంది. నేలలోంచి ఒక ఉక్కు కడ్డీ కింది పట్టాకు ఆని ఉంటుంది. సన్యాసమ్మ మోకాళ్ల మీద కూర్చుని కడ్డీకి చెవి వెనకున్న యంత్రాన్ని ఆనించింది. నేను ల్యాప్‌టాప్ తీగను ఆ యంత్రానికి తగిలించి పక్కన కూర్చున్నాను. పైడయ్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని మూల నిలబడ్డాడు. పెద్దదారిలో కలిసే లోపలిదారి పట్టాలో పగిలిన చోట్లు మూడున్నాయి. ఎక్కడెక్కడో సెల్వి గారికే తెలుసు. కనీసం రెండు చెప్పాలి.

పెట్టె కదిలింది. ఒక కిలోమీటరు. రెండు. సన్యాసమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. సెల్వి గారు కాగితం మీద అడ్డగీత పెట్టారు. మొదటిది దాటిపోయింది.

"ఏటీ రాటంనేదమ్మా," అంది సన్యాసమ్మ. "మాటలొస్తన్నాయి. పట్టా రాటంనేదు. దూది కప్పీసినట్టుంది."

దూది! నాకు తట్టింది. ఈ ప్రోగ్రామ్ మాటలు వినేవాళ్ల కోసం రాసింది. గరగర, టకటక లాంటివన్నీ రొద అనుకుని అదే అణిచేస్తుంది. ఈవిడకు కావలసింది ఆ రొదే!

"పెట్టె ఆపుతారా? అయిదు నిమిషాలు," అన్నాను.

"ఆపకూడదని రూల్లో లేదు," అన్నారు సెల్వి గారు గడియారం చూస్తూ.

బ్యాటరీ పన్నెండు. ముసలి బ్యాటరీ చివర్లో కొండ దిగినట్టు దిగుతుంది. పదకొండు. నా మోకాలి పక్కనే ప్లగ్గు, రెండు రంధ్రాలు. నా దగ్గర దానికి పట్టే అడాప్టర్ ఉంది. సెల్వి గారే చూపించారు: "అక్కడ పెట్టుకోండి, ఎందుకు కంగారు?"

"వద్దండీ. ఆవిడ తల కడ్డీకి ఉంది, కడ్డీ పట్టాకి, నా తీగ ఆవిడ చెవికి. మూడో పిన్ను లేని ప్లగ్గు పెడితే కరెంటుకు దారి ఆవిడ తలే."

సెల్వి గారు ప్లగ్గు వైపు చూసి కాలు వెనక్కి తీసుకున్నారు.

రొద అణిచే మీట ఏ మూల దాచారో! తొమ్మిది. ఒక పేజీ, ఇంకో పేజీ. ఏడు. దొరికింది. ఆపేశాను. కింది స్వరాలు పెంచాను. అయిదు. సేవ్ నొక్కాను. చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది. నాలుగు. "భద్రం" అని వచ్చింది.

సన్యాసమ్మ ఉలిక్కిపడింది. తర్వాత కళ్లు మూసుకుని కడ్డీని రెండు చేతులతో కావలించుకుంది.

"పోనీండి," అంది.

పెట్టె కదిలిన కాసేపటికే చెయ్యెత్తింది. "ఇక్కడ. ఎడం పట్టా. గోరంత." సెల్వి గారు టిక్కు పెట్టారు. ఇంకో మూడు నిమిషాలకు, "ఇక్కడోటి. ఇది పాతది, అడుగునుంచి పాకింది." టిక్కు. ఆ తర్వాత, "ఎనక్కి తిప్పండి, ఇందాక ఒగ్గీసినాం," అని మొదటిదాన్నీ పట్టుకుంది!

పైడయ్య క్యారియర్ జారిపోయింది. ఇడ్లీలు పెట్టెంతా మెల్లగా తేలుతూ దిగుతున్నాయి. నేను చప్పట్లు కొడుతున్నాను. సెల్వి గారు సంతకం పెట్టి, "దిగొచ్చమ్మా," అన్నారు.

సన్యాసమ్మ కడ్డీ వదల్లేదు.

"పెద్దదారిని రైలొస్తంది. ఏడు పెట్టెలు. ఆకరి పెట్టెకి ఎడంపక్క సెక్రం టక్కు టక్కుమంటంది. ఒక పక్క అరిగిపోయింది."

కిటికీలోంచి చూస్తే ఖాళీ నేల. ఏమీ లేదు. నా తెర నల్లబడి ఆగిపోయింది, సర్దిందంతా ఇప్పుడు ఆవిడ చెవి యంత్రంలోనే ఉంది. పది నిమిషాలకు దిగంతంలో మెరుపులాంటిది కనిపించింది. నేనూ పైడయ్యా కిటికీకి ముఖాలు ఆనించి లెక్కపెట్టాం. ఏడు.

సెల్వి గారు రేడియోలో డ్రైవర్‌ను ఆపి చూడమన్నారు. చాలాసేపటికి జవాబొచ్చింది: "ఏడో పెట్టె, ఎడమ చక్రం. ఒక పక్క బల్లపరుపుగా అయిపోయింది. ఊళ్లోకి పోనిచ్చుంటే పట్టా తినేసేది. మీకెలా తెలిసింది?"

మేం ముగ్గురం ఒక్కసారే మాట్లాడబోయాం. సన్యాసమ్మ కళ్లు తెరవకుండానే వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఉండండర్రా. మాటాడకండి. ఇంకో రైలొస్తంది."